డీఆర్ఎం లైన్లన్నీ "వై" చేస్తే బ్లాక్ స్క్రీన్ పోదు

"కెర్నల్ సొంతంగా బిల్డ్ చేశాక స్క్రీన్ నల్లగా ఉండిపోతే డాట్ కాన్ఫిగ్ ఫైల్ తెరిచి డీఆర్ఎం అని ఉన్న ప్రతి లైనూ వై చేసెయ్యండి, పాత ఎఫ్‌బీ ఆప్షన్లు పీకెయ్యండి, లింక్ ఎర్రర్ వస్తే కేకాన్ఫిగ్‌లో ఒక సెలెక్ట్ లైను రాసుకోండి, అయిపోతుంది." లినక్స్ నేర్చుకునేవాళ్ల మధ్య ఈ చిట్కా తెగ తిరుగుతోంది. కెర్నల్ అంటే లినక్స్‌కి గుండెలాంటి ప్రోగ్రాం, డీఆర్ఎం అంటే అందులో స్క్రీన్‌ని నడిపే గ్రాఫిక్స్ భాగం, ఎఫ్‌బీ అంటే ఫ్రేమ్‌బఫర్ అనే పాత పద్ధతి. డాట్ కాన్ఫిగ్ ఏ ఆప్షన్లు కావాలో రాసే ఫైలు, కేకాన్ఫిగ్ ఆ ఆప్షన్ల నియమాలు చూసే వ్యవస్థ. వై అంటే ఆ భాగం కెర్నల్‌లోనే ఉంటుంది, ఎం అంటే విడి మాడ్యూల్‌గా ఉంటుంది. దీన్ని నమ్మి రెండేసి రోజులు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను కాబట్టి ఒక్కో ముక్కా తీసుకుని చెప్తాను.

ముందుగా, ఫైల్‌ని చేత్తో దిద్దడం. మీరు ఏం రాసినా బిల్డ్ కోసం మేక్ కమాండ్ కొట్టగానే కేకాన్ఫిగ్ దాన్ని మళ్లీ లెక్క చూసుకుంటుంది. డీఆర్ఎం "ఎం"గా ఉండగా ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఐ915 ఒక్కదాన్నే వై అని రాస్తే అది తిరిగి ఎం అయిపోతుంది, అసలు డీఆర్ఎం ఆఫ్‌లో ఉంటే ఆ లైనే మాయమవుతుంది, పాత కాన్ఫిగ్‌ని సర్దే ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ కమాండ్ అయితే ఒక్క మాట కూడా చెప్పకుండా ఈ పని చేస్తుంది. ఆప్షన్ల మెనూ చూపే మెనూకాన్ఫిగ్‌లో స్లాష్ కొట్టి ఆప్షన్ పేరు వెతికితే అది దేని మీద ఆధారపడిందో, ఆ ఆధారాలు ఇప్పుడు ఏ విలువలో ఉన్నాయో అక్కడే కనిపిస్తుంది. ఆ రెండు నిమిషాలు పెట్టండి.

"వై పెడితే డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, ఇక ఢోకా లేదు" అనేది అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తీసే మాట. ఏఎండీ కార్డుల డ్రైవర్ ఏఎండీజీపీయూనే తీసుకోండి. ఆ డ్రైవర్‌కి ఫర్మ్‌వేర్ ఫైళ్లు (కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు) కావాలి, అవి డిస్కు మీద లిబ్ ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఉంటాయి. బిల్ట్‌ఇన్ డ్రైవర్ లేచేది రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కాకముందే. అప్పటికి ఆ ఫైళ్లు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోనో (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్‌సిస్టమ్), ఎక్స్‌ట్రా ఫర్మ్‌వేర్ ఆప్షన్ ద్వారా కెర్నల్‌లోనో లేకపోతే "ఎర్రర్ మైనస్ 2" వస్తుంది, అంటే ఫైల్ దొరకలేదని, దాంతో జీపీయూ లేవదు. అదే మాడ్యూల్‌గా ఉంచితే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తయారుచేసే టూల్ మాడ్యూల్‌లో రాసి ఉన్న ఫర్మ్‌వేర్ పేర్లు చూసి వాటినీ కలుపుకుంటుంది. అంటే చాలామందికి ఎం పెట్టినప్పుడు బాగా పనిచేసిన మెషీన్, వై పెట్టాకే నల్లబడుతుంది! ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ వద్దనుకునేవాళ్లు వై పెట్టుకోవచ్చు, కానీ తమ కార్డుకి కావలసిన ప్రతి ఫర్మ్‌వేర్ ఫైలు పేరూ ఆ ఆప్షన్‌లో రాయాలి.

ఎఫ్‌బీ సంగతిలో సగం నిజం ఉంది. బూట్ మొదట్లో స్క్రీన్ చూపే సింపుల్‌డీఆర్ఎం డ్రైవర్ కెర్నల్ 5.14లో, అంటే 2021లో వచ్చింది, దాన్నీ సిస్‌ఎఫ్‌బీ సింపుల్‌ఎఫ్‌బీనీ ఆన్ చేసుకుంటే పాత ఈఎఫ్ఐఎఫ్‌బీ, వెసాఎఫ్‌బీ డ్రైవర్లు అక్కర్లేదు. కానీ ఎఫ్‌బీ అని కనిపించినవన్నీ తీసేస్తే ఫ్రేమ్‌బఫర్ కన్సోల్ (స్క్రీన్ మీద అక్షరాలు రాసేది), డీఆర్ఎం ఎఫ్‌బీడెవ్ ఎమ్యులేషన్ (డీఆర్ఎంని పాత ఎఫ్‌బీలా చూపేది) కూడా పోతాయి. అప్పుడు డ్రైవర్ బాగానే ఉన్నా బూట్ మెసేజ్‌లు పడటానికి చోటే ఉండదు, మీరేమో డ్రైవర్ పాడైందనుకుని టెన్షన్ పడతారు. 6.6కి ముందు కెర్నల్స్‌లో ఆ ఎమ్యులేషన్ నేరుగా ఎఫ్‌బీ మీదే ఆధారపడేది, 6.6లో ఎఫ్‌బీ కోర్‌ని విడగొట్టాకే ఆ ముడి తెగింది.

ఇక కేకాన్ఫిగ్‌లో రాసుకోమన్న సెలెక్ట్ లైను. ఇది మీ మెషీన్‌తో ఆగదు, ప్యాచ్‌గా పంపితే అందరి బిల్డూ చెడగొడుతుంది. సెలెక్ట్ అవతలి ఆప్షన్‌ని బలవంతంగా ఆన్ చేస్తుంది, దాని సొంత ఆధారాలు ఉన్నాయా లేదా అని చూడదు. కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే దీన్ని జాగ్రత్తగా వాడమని రాసి ఉంది. బ్యాక్‌లైట్ ఆప్షన్‌ని కొన్ని డ్రైవర్లు సెలెక్ట్ చేయడం, కొన్ని డిపెండ్స్ ఆన్‌తో (అది ఉంటేనే ఇది అనే నియమంతో) అడగడం వల్ల ఒకదాని మీద ఒకటి ఆధారపడి తిరిగే సర్క్యులర్ డిపెండెన్సీ ఎర్రర్లు ఎన్నిసార్లు వచ్చాయో! డ్రైవర్ వై, అది పిలిచే లైబ్రరీ ఎం అయినప్పుడు వచ్చే అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అనే లింక్ ఎర్రర్‌కి, ఆ లైబ్రరీ లేకపోయినా డ్రైవర్ నడవగలిగితే, సరైన మందు "డిపెండ్స్ ఆన్ ఫూ లేదా నాట్ ఫూ" అనే లైను (ఫూ అంటే ఆ లైబ్రరీ ఆప్షన్). చూడటానికి అర్థం లేనట్టుంటుంది, కానీ ఫూ ఎం అయితే ఈ డ్రైవర్‌ని వై కానివ్వదు, ఫూ లేకపోతే అడ్డు చెప్పదు. కెర్నల్ డెవలపర్ ఆర్ండ్ బెర్గ్‌మన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి ర్యాండ్‌కాన్ఫిగ్ బిల్డులు (ఇష్టం వచ్చినట్టు ఆప్షన్లు కలిపిన బిల్డులు) నడిపి ఇలాంటి తప్పుల్నే ఒక్కొక్కటిగా పట్టి సరిచేస్తున్నారు, మనం కొత్తవి చేర్చకూడదు.

ఇప్పటికే స్క్రీన్ నల్లబడిందా? పాత కెర్నల్‌తో బూట్ చేసి, సిస్టమ్ లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌లో కిందటి బూట్ లాగ్ తెరిచి ఫర్మ్‌వేర్ లైన్లు చూడండి. ఎల్ఎస్‌పీసీఐకి కే ఆప్షన్ ఇస్తే మీ కార్డు ఏ డ్రైవర్‌తో నడుస్తోందో తెలుస్తుంది. బూట్ ఫోల్డర్‌లో ఉన్న, పనిచేస్తున్న కాన్ఫిగ్‌ని తెచ్చుకుని దాంతో మొదలుపెట్టి, ఒకసారికి ఒక్క ఆప్షనే మార్చండి.