పుంజు మీద పడిందంటే ముందు దాని మీద ఎవరు పడ్డారో అడగండి

నిన్న సాయంత్రం మా పెరట్లో జరిగిన సంగతి రాయకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టేలా లేదు. పక్కింటి అబ్బాయి, ఏడేళ్లవాడు, చేతిలో కొబ్బరిమట్ట పట్టుకుని వెనుక గేటు తోసుకుని మా పెరట్లోకి పరుగెత్తుకొచ్చాడు. నేను నూకల డబ్బా కింద పెట్టి తిరిగి చూసేలోపే మా డేగ పుంజు (ఎర్ర ఈకల పుంజును మా వైపు డేగ అంటాం) ఎగిరి వాడి పిక్క మీద తన్నింది. కాలి ముల్లు దిగి గీరుకుపోయింది, రక్తం వచ్చింది. వాడిని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి సబ్బుతో కడుగుతూ, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ వేయించాలని చెప్పమని మా అమ్మాయిని వాళ్లింటికి పంపాను. వాళ్ల నాన్నగారు వచ్చారు. పిల్లవాడి కాలు చూడలేదు, నేను చెప్పేది వినలేదు. గంప పక్కన నిలబడి ఉన్న పుంజును బూటుకాలితో తన్నారు. అది వెళ్లి ప్రహరీ గోడకు కొట్టుకుని పడింది. తర్వాత నావైపు తిరిగి, "ఇంత పొగరుబోతు పుంజును ఊళ్లో పిల్లల మీదికి వదులుతారా, రాత్రికి కోసి కూర వండెయ్యండి" అని చెప్పి వెళ్లిపోయారు.

ఆ పిల్లవాడికి దెబ్బ తగిలినందుకు నాకు చాలా బాధగా ఉంది. గేటుకు గడియ పెట్టకపోవడం నా తప్పు, ఆ మాట వాళ్లింటికి వెళ్లి చెప్పి వచ్చాను. పుంజు ముల్లు ఏడేళ్ల పిల్లవాడి పిక్కకు కాకుండా కంటికి తగిలి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. కానీ పొగరుబోతు పుంజు అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. రెండు నెలలుగా రోజూ మధ్యాహ్నం బడి నుంచి రాగానే ఆ పిల్లవాడు గోడ మీద నుంచి కొబ్బరిమట్టతో ఆ పుంజును పొడుస్తుంటే, అది మీదికి ఎగరగానే కేకలు పెడుతూ పరుగెత్తుతుంటే, ఫోన్‌లో వీడియో తీస్తూ నవ్వినది ఈ తండ్రే. "బాబుగారూ, అలా చేయనివ్వకండి, దానికి అలవాటైపోతుంది" అని నేను మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "కోడేగా అండీ" అన్నారు. రెండు నెలల పాటు పాఠం చెప్పినవాళ్లు, అది పాఠం నేర్చుకున్న రోజున దాన్ని తన్నడం ఎక్కడి న్యాయం?

కోళ్లు పెంచేవాళ్లకు ఇదంతా తెలిసిన సంగతే. పుంజుపిల్ల ఐదారు నెలల వయసు దాటి కూత నేర్చిన దగ్గర నుంచి దాని ఒంట్లో కొత్త రక్తం ప్రవేశిస్తుంది. మందలో తన చోటు ఏమిటో తేల్చుకోవాలని ఎదురుపడిన ప్రతిదాన్నీ పరీక్షిస్తుంది, మనల్నీ పరీక్షిస్తుంది. మీదికి వచ్చినప్పుడు అవతలివాడు పరుగెత్తాడంటే అది గెలిచినట్టు, తిరగబడి కొట్టాడంటే వాడు తనతో పోటీకి దిగిన మరో పుంజైనట్టు. ఈ రెండింటిలో ఏది జరిగినా రేపు మళ్లీ వస్తుంది, నిన్నటికంటే గట్టిగా వస్తుంది. మా నాయనమ్మ ఏ చదువూ లేకుండానే "పుంజు ముందు పరుగెత్తకు, పుంజును తన్నకు" అని మా చిన్నప్పుడు రోజూ చెప్పేది. కోళ్లలో ఎవరు ఎవరిని పొడవవచ్చో ఒక వరుస ఉంటుందని, ఆ వరుస తేలితే మంద ప్రశాంతంగా ఉంటుందని నార్వే దేశపు జంతుశాస్త్రవేత్త థోర్లైఫ్ షెల్డెరుప్ ఎబ్బె చిన్నతనం నుంచి కోళ్లను చూస్తూ గ్రహించి వందేళ్ల క్రితమే రాశారు. వీడియో తీసేవాళ్లకు నార్వే సంగతి అక్కర్లేదు, పక్కింటి ముసలావిడను అడిగినా చెప్పేది.

పుంజు మామూలుగా చెప్పకుండా మీద పడదు. ముందు ఒక రెక్కను నేలకు రాసుకునేలా జార్చి, మన వైపు నేరుగా కాకుండా పక్కవాటంగా చిన్న చిన్న అడుగులు వేస్తుంది. గింజ లేని చోట నేలను ఊరికే పొడుస్తుంది. ఒక కంటితో మన కాళ్లనే చూస్తూ ఉంటుంది. అప్పటికీ మనం కదలకపోతే కొన్నిసార్లు అంతటితో ఆగిపోతుంది. ఆగకపోతే మెడ ఈకలు గొడుగు విప్పినట్టు నిక్కుతాయి, తల నేలకు వంగుతుంది, ఆ తర్వాతే ఎగురుతుంది. ఇన్ని హెచ్చరికలు చేసే ప్రాణిని పట్టుకుని ఉన్నట్టుండి మీద పడిందనడం, చూడని మన కళ్ల తప్పును దాని మీద వేయడమే.

ఇదే డేగ ఏడో నెలలో నా మీదికి కూడా వచ్చింది. నీళ్ల కుండ కడుగుతూ వంగి ఉన్నప్పుడు వెనుక నుంచి మోకాలి మడత మీద తన్నింది. చీర మీద కాబట్టి దెబ్బ లోతుగా తగల్లేదు. ఆ రోజు నుంచి పన్నెండు రోజుల పాటు నేను పెరట్లోకి చేట పట్టుకునే వెళ్లాను. అది వస్తే కొట్టలేదు, వెనక్కి అడుగు వేయలేదు, చేటను నాకూ దానికీ మధ్య అడ్డంగా పెట్టి దాని వైపే తిరిగి నిలబడ్డాను. ఎగిరి చేటను తన్నుకుని, రెండు మూడుసార్లు అరిచి, చివరికి తల తిప్పుకుని గింజలు ఏరుకోవడం మొదలుపెట్టేదాకా కదలలేదు. అది అలా తల తిప్పాకే నేను నా పని చూసుకునేదాన్ని. మొదటి రోజు పావుగంట పట్టింది. ఐదో రోజుకు రెండు నిమిషాలైంది. పన్నెండో రోజు నన్ను చూసి పక్కకు తప్పుకుంది. రాత్రి గూటిలో చీకట్లో ఉన్నప్పుడు పుంజు ఎంత నెమ్మదిగా ఉంటుందో పట్టుకున్నవాళ్లకే తెలుసు. ఆ సమయంలో ఒళ్లో పెట్టుకుని, కాలి ముల్లు కొసను మాత్రం ఆకురాయితో అరగదీసేదాన్ని. లోపల నెత్తురుండే భాగం ఉంటుంది కాబట్టి కత్తితో నరకకూడదు. ఈ రెండు నెలల్లో కోతల పనిలో పడి ఆ పని చేయలేదు. నిన్నటి గాయంలో నా వాటా అదీ ఉంది, దాచను.

నా తప్పులు ఇంకా ఉన్నాయి. మొదట్లో నాకున్నవి నాలుగు పెట్టలు, వాటికి రెండు పుంజులను ఉంచాను. పిల్లలుగా ఒకే గంప కింద పెరిగిన అన్నదమ్ములే కదా అనుకున్నాను. ఆరు నెలలు నిండగానే ఒకదాన్నొకటి రక్తం కారేలా పొడుచుకున్నాయి. పెట్టల వీపుల మీద ఈకలు రాలి చర్మం ఎర్రగా కనిపించింది, ఒక పెట్ట గుడ్లు పెట్టడమే మానేసింది. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు అన్నది పెరటి కోళ్లు పెంచేవాళ్లందరూ చెప్పే లెక్క. ఆ లెక్క తప్పినప్పుడు పుంజులు కొట్టుకుంటే కోపం తెచ్చుకోవలసింది వాటి మీద కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ అనే పెరటి కోళ్ల పిల్లలను ఇప్పుడు ఊరూరా పంచుతున్నారు. పిల్లలతో పాటు ఈ ఒక్క మాట కూడా చెప్పి ఇస్తే ఎన్ని పెట్టల వీపులు బాగుండేవో.

పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది కదా, మరి ఎందుకు ఈ తలనొప్పి అని నన్ను అడిగినవాళ్లున్నారు. వాళ్లు ఒక్క ఉదయం మా పెరట్లో కూర్చోవాలి. వాన వెలిసిన మర్నాడు ఉసిళ్లు లేచినప్పుడు ఆ పుంజు ఒకదాన్ని ముక్కుతో పట్టుకుని, తినకుండా నేల మీద పడేసి, మళ్లీ ఎత్తి, కొక్కొక్ అంటూ పెట్టలను పిలుస్తుంది. పెట్ట వచ్చి తిన్నాకే ఇంకొకటి వెతుక్కుంటుంది. ఆకాశంలో గద్ద కనబడితే దాని గొంతులో ఒక రకమైన దీర్ఘమైన అరుపు, కుక్కో ముంగిసో వస్తే ఇంకో రకమైన ఎడతెగని అరుపు. మొదటిది వినగానే పిల్లలు ఎక్కడివక్కడ కరివేపాకు చెట్టు కింద నక్కుతాయి. కాపలా కాయమని మనమే పెట్టుకున్న ప్రాణి, కొబ్బరిమట్టతో వచ్చినవాణ్ని శత్రువనుకుంది. దాని బుద్ధిలో లోపం నాకు కనబడడం లేదు.

నిన్న రాత్రి ఈ సంగతి విని మా మరిది ఫోన్ చేశాడు. "వదినా, అంత కసి ఉన్న పుంజును పెరట్లో వృథా చేయకు, నాకిచ్చేయ్, సంక్రాంతికి పందెంలో దింపుతాను" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. మనుషుల మీద పడే పుంజు పందెంలో బాగా ఆడుతుందన్నది తెలియనితనం. మా గోదావరి జిల్లాల్లో అసిల్ అనే పందెం జాతి పుంజులను పెంచేవాళ్లు వాటిని చంకలో పెట్టుకుని టీ కొట్టు దాకా వెళ్తారు. రోజూ చేత్తో తిండి పెట్టి, ఒళ్లు నిమిరి పెంచిన ఆ పుంజు ఇంకో పుంజును చంపుతుంది కానీ మనిషి చేతిలో పిల్లిపిల్లలా ఉంటుంది. అంటే రోజూ చేత్తో ముట్టుకుంటే పుంజు మనిషికి లొంగుతుందని పందెంరాయుళ్లకు అందరికంటే బాగా తెలుసు. తెలిసి ఆ నమ్మకాన్ని కాలికి కత్తి కట్టడానికి వాడుకుంటారు.

మూడేళ్ల క్రితం ఇదే మరిది భోగి నాడు నాతో ఒక్క మాట చెప్పకుండా నా నెమలి రకం పుంజును గంపలో పెట్టుకుని వెళ్లాడు. ఆ పుంజును నేను పదకొండు గుడ్లు పెట్టి పొదిగించిన పెట్ట కింద నుంచి, ఇరవై ఒకటో రోజున పెంకు పగులుతుంటే చూసి, తడి ఆరేదాకా కాపాడి పెంచుకున్నాను. సాయంత్రం ఒట్టి గంప తెచ్చి వసారాలో పడేసి, "పోయింది వదినా" అన్నాడు. అంతే, ఒక్క మాట. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కోళ్లను పోట్లాడించడం నేరం, ఉమ్మడి హైకోర్టు 2016లో పందేలు ఆపాలని చెప్పింది, అయినా బరులు వెలుస్తూనే ఉన్నాయి. అదే చట్టం జంతువును కొట్టడం, తన్నడం కూడా నేరమే అంటుంది, నిన్నటి బూటుకాలికి ఆ సంగతి తెలియదు.

పెట్టలు నావి, గుడ్ల డబ్బుతో పిల్ల పుస్తకాలు కొనేది నేను, కొక్కెర తెగులు టీకాకు పశువుల ఆసుపత్రికి మోసుకెళ్లేది నేను, రాత్రి గూడు తలుపు వేసేది నేను. పుంజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాన్ని కోయాలా, తన్నాలా, పందానికి పంపాలా అన్నది ఊళ్లో మగవాళ్లు తేలుస్తారు. ఇది మా ఇంట్లో ఒక్కచోటే కాదని మీకూ తెలుసు. పండగకు ముందు నెలలో ఎన్ని ఇళ్లల్లో ఆడవాళ్లు ఒట్టి గంపలు చూసుకుని నోరు మూసుకున్నారో చెప్పండి.

పుంజును కోయడమే తప్పని నేను అనడం లేదు. మేమూ కోడికూర తినేవాళ్లమే. ఎంత ఓపిక పట్టినా మారని పుంజులు ఉంటాయి, పుట్టుకతోనే అలాంటి రక్తం వచ్చినవి ఉంటాయి. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో అలాంటిదాన్ని ఉంచకూడదు, దానితో కలిసిన పెట్టల గుడ్లను పొదిగించకూడదు. ఆ నిర్ణయం దాన్ని నెలల తరబడి చూసినవాళ్లు నిదానంగా తీసుకోవాలి, ఒక్క నిమిషం కోపంలో తన్ని చెప్పేది కాదు. మా డేగ విషయంలో ఆ నిర్ణయం నాది. గేటుకు ఈ రోజు తాళం పెట్టించాను. గోడ పక్కన వల కట్టిస్తున్నాను. పిల్లవాడి అమ్మగారు ఈ ఉదయం తనంతట తానే వచ్చి, వాడికి ఇంజెక్షన్ వేయించామని, కొబ్బరిమట్ట పొయ్యిలో పెట్టేశానని చెప్పి వెళ్లింది. ఆమె మీద నాకు కోపం లేదు.

పుంజు ఇప్పుడు వంటగది పక్కన గంప కింద ఉంది. ఎడమ కాలు నేల మీద మోపడం లేదు. వాచిన చోట పసుపు పెట్టాను, రేపు పశువుల డాక్టరు గారికి చూపిస్తాను. ఈ తెల్లవారుజామున నాలుగింటికి ఒంటికాలి మీద నిలబడి కూసింది. ఆ తర్వాత ఏడింటికి మా మరిది మళ్లీ ఫోన్ చేశాడు, కాలు బాగయ్యాక తీసుకెళ్తానన్నాడు. ఇవ్వనని చెప్పాను.