అసలు బ్యాచ్, సిసలు బ్యాచ్

గడిచిన ఎనిమిది నెలల్లో నన్ను రెండుసార్లు వెలివేశారు. రెండుసార్లూ నేను చేసిన నేరం ఒక్కటే. ఒక సందేశం కింద ‘ఇది నిజమేనా?’ అని అడిగాను. పూర్వం ఒకణ్ణి వెలివేయాలంటే రచ్చబండ మీద పెద్దలు కూర్చోవాలి, దోషిని పిలిపించాలి, వాడు చెప్పుకునేది మొక్కుబడికైనా వినాలి, ఆ పైన ఊరంతటికీ చెప్పి నిప్పూ నీళ్లూ బంద్ చేయించాలి. ఇన్ని పనులకు కనీసం ఒక పూట పట్టేది. ఇప్పుడు ఆ శ్రమ లేదు. అడ్మిన్ గారు పొద్దున్నే కుడిచేత్తో పళ్ళు తోముకుంటూ, ఎడమచేతి బొటనవేలితో ఆ కార్యం ముగించగలరు. ద్రోణాచార్యుడు అడగవలసిన వేలినే అడిగాడనీ, అడగవలసిన మనిషి దగ్గరే పొరబడ్డాడనీ నాకు ఈ మధ్య తరచుగా అనిపిస్తోంది.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. 1989లో అక్కడ పదో తరగతి పరీక్ష రాసిన 58 మందిమి 2016లో ఒక వాట్సాప్ గ్రూపుగా మళ్ళీ పుట్టాము. పేర్లు చెప్పి ఎవరి పరువూ తీయడం ఇష్టం లేదు కనుక అందరినీ హాజరుపట్టీ నంబర్లతోనే ప్రస్తావిస్తాను. మొదట్లో అంతా సజావుగానే సాగింది. తెల్లవారుజామున నాలుగున్నరకు 12వ నంబరు మంచు బిందువులున్న గులాబీని పంపేవాడు, తక్కిన వాళ్ళం ఎనిమిదింటి దాకా ఒకరి తరవాత ఒకరం ఆ గులాబీకి దండం పెట్టేవాళ్ళం. 2024 ఎన్నికల వేళ ఏదో మాటకు మాట పెరిగి గ్రూపు నిలువునా చీలింది. ఒక ముక్క ‘1989 బ్యాచ్ (అసలు)’ అని పేరు పెట్టుకుంది. రెండో ముక్క గంటన్నర ఆలోచించి ‘1989 బ్యాచ్ (సిసలు)’ అని పెట్టుకుంది. అప్పటిదాకా నేను రాజకీయాల మీద నోరు విప్పిన పాపాన పోలేదు కనుక ఇరుపక్షాల వాళ్ళూ నన్ను తమవాడిగానే లెక్కవేసి, చెరొక దానిలో చేర్చుకున్నారు.

అసలు బ్యాచ్‌లో నా పతనం ఆగస్టు 15న జరిగింది. ‘కొన్ని నిమిషాల క్రితమే యునెస్కో మన జనగణమనను ప్రపంచంలోకెల్లా ఉత్తమ జాతీయ గీతంగా ప్రకటించింది, గర్వించండి’ అని 23వ నంబరు పంపాడు. ఆ ‘కొన్ని నిమిషాల’ వయసు కనీసం పదహారేళ్లు దాటింది. 2008లోనే అది ఈమెయిళ్లలో ఊరేగింది. యునెస్కో జాతీయ గీతాలకు పోటీ పెట్టలేదు, బహుమతీ ఇవ్వలేదు. ‘ఇది నిజమేనా?’ అని అడిగాను. ‘నీకు జనగణమన అంటే గౌరవం లేదా?’ అని 23 అడిగాడు. ‘సరిహద్దులో సైనికులు గడ్డకట్టే చలిలో నిలబడింది ఇలాంటి వాళ్ళ కోసమా?’ అని 41 బాధపడ్డాడు. పొరుగు దేశానికి వెళ్ళిపొమ్మని 9వ నంబరు దారి చూపించాడు. ఆ గీతాన్ని ఎనిమిదో తరగతిలో ప్రతి ఉదయం ముందు నిలబడి పాడించింది నాచేతనేనని ఒక్కడికీ గుర్తు రాలేదు. ‘ఈ గ్రూపులో సానుకూల దృక్పథం గల సభ్యులు మాత్రమే ఉండవలెను’ అని అడ్మిన్ గారు ప్రకటన ఇచ్చారు. ఆ ప్రకటన చదవడం పూర్తయ్యేలోపే నేను బయట ఉన్నాను.

సిసలు బ్యాచ్ వాళ్ళు నాకు పూర్ణకుంభ స్వాగతం చెప్పారు. మతోన్మాదుల చెర నుంచి బయటపడిన వీరుడిగా నన్ను పొగుడుతూ, అక్కడ ఏమేమి కూశారో స్క్రీన్‌షాట్లు పెట్టమని కోరారు. ఇది ప్రగతిశీలుర గ్రూపు. దీని అడ్మిన్ గారు ప్రశ్నించే తత్వం గురించి సభల్లో ప్రసంగిస్తారు. ఆయన ప్రొఫైల్ బొమ్మ మీద ‘నీ అభిప్రాయంతో నేను ఏకీభవించను, కానీ ఆ మాట చెప్పే నీ హక్కు కోసం ప్రాణమైనా ఇస్తాను – వోల్టేర్’ అని ఎర్ర అక్షరాలతో ఉంటుంది. జనవరిలో ఒకనాడు ఆయన ఆ వాక్యాన్నే గ్రూపులో పెట్టి, ‘వోల్టేర్ అన్న ఈ మాటను అసలు బ్యాచ్ వాళ్ళు గోడ మీద రాసుకోవాలి’ అన్నారు. నా నోరు ఊరుకోలేదు. ఆ వాక్యం వోల్టేర్‌ది కాదనీ, ఆయన పోయిన 128 ఏళ్లకు, 1906లో, ఎవలిన్ బీట్రిస్ హాల్ అనే ఇంగ్లిషు రచయిత్రి ఆయన వైఖరిని వివరిస్తూ తన పుస్తకంలో రాసినదనీ వినయంగా మనవి చేశాను.

తరవాత జరిగిన దానిని నేను జీవితాంతం ప్రేమగా తలుచుకుంటాను. 31వ నంబరు ‘ఇప్పుడు ఇది అవసరమా?’ అన్నాడు. 6వ నంబరు ‘వోల్టేర్ మీద బురద చల్లడం వల్ల ఎవరికి లాభమో ఆలోచించండి’ అన్నాడు. 50వ నంబరు ఆలోచించి, ఎవరికి లాభమో తెలుసుకుని, ‘నువ్వు ఇంకా అసలు బ్యాచ్ మనిషివే, మా మధ్య గూఢచారిగా ఉన్నావు’ అని తేల్చాడు. నేను పుస్తకంలోని ఆ పుట ఫొటో పెట్టాను. ‘పుస్తకాలు ఎవరైనా రాస్తారు’ అన్నారు అడ్మిన్ గారు. ఆయన స్వయంగా రెండు పుస్తకాలు రాసి ఉన్నారు కనుక ఆ విషయంలో ఆయన మాటను కాదనలేను. రాత్రి 10:40కి, ఎదుటివాడు మాట్లాడే హక్కు కోసం ప్రాణమిచ్చే ఆ మహానుభావుడు, ప్రాణం దాకా పోకుండా నన్ను తీసేయడంతోనే సరిపెట్టుకున్నారు. ఇంతకూ ఆ బొమ్మ ఇప్పటికీ మారలేదు.

ఒక సదుపాయం గురించి ఇక్కడ చెప్పాలి. గ్రూపు నుంచి పోయినవారి పేర్లు 60 రోజుల పాటు ‘గత సభ్యులు’ అనే పట్టికలో ఉంటాయి. మన వాళ్ళు పోయినవాళ్లకు పదకొండు రోజులు మైల పడతారు, వాట్సాప్ రెండు నెలలు పడుతుంది. అంతకు మించిన సంస్కారాన్ని నేను ఆ రెండు గ్రూపుల్లోనూ చూడలేదు.

ఇలాంటి వాటన్నిటికీ అల్గారిదమ్ కారణమని చదువుకున్న వాళ్ళు చెబుతారు. యంత్రం మనకు నచ్చేవే చూపిస్తూ మనల్ని ఒక బుడగలో బంధిస్తుందంటూ ఈలై పారిసర్ అనే అమెరికా రచయిత 2011లో ‘ఫిల్టర్ బబుల్’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చినప్పటి నుంచి తప్పంతా యంత్రం మీద పెట్టడం మనకు సుఖంగా ఉంది. యూట్యూబ్ వరకు అది నేనూ ఒప్పుకుంటాను. 17వ నంబరు ఇంటికి వెళితే భార్యాభర్తలిద్దరూ ఒకే దివాన్ కాట్ మీద, చెరొక దిండుకు ఆనుకుని, చెరొక ఫోను చూస్తున్నారు. ఆయన ఫోనులో ఎర్రటి బాణం గుర్తు, గుండ్రటి గీత, నోరు తెరిచిన ఒక ముఖం ఉన్నాయి. ఆమె ఫోనులోనూ అవే ఉన్నాయి. ఇద్దరి ఫోన్లలోనూ ఆవేళ రాష్ట్రం మునిగిపోతూనే ఉంది. ముంచినవాడు మాత్రం వేరు. మధ్యలో ఉన్న పకోడీల పళ్ళెం ఒక్కటే ఆ దంపతులకు ఉమ్మడి సమాచార వనరు.

అయితే వాట్సాప్ గ్రూపులో అల్గారిదమ్ ఎక్కడుంది? ఎవడు ముందు పంపితే వాడి మాట ముందు కనిపిస్తుంది, అంతే. అక్కడ మనకు నచ్చని వాణ్ణి యంత్రం తీసేయదు, మనమే తీస్తాం. యూట్యూబ్‌ది మరమగ్గం, మనది ఒక్కొక్క పోగూ చేత్తో లాగి నేసిన అసలైన చేనేత. ఇంత ఓపికగా, కూలి కూడా అడగకుండా, కళ్ళకు కట్టుకునే గంతలను సొంతంగా నేసుకున్న జాతికి భౌగోళిక గుర్తింపు రాకపోవడమే అన్యాయం.

దీనిని కొందరు ‘తానా అంటే తందానా’ అని ఎగతాళి చేస్తారు. అది తందానాకు అవమానం. బుర్రకథ చూసిన వాళ్లకు తెలుసు: కథకుడికి ఇటూ అటూ ఇద్దరు వంతగాళ్ళు ఉంటారు, ఒకడిది హాస్యం, ఒకడిది రాజకీయం. వాళ్ళు తందానా అంటారు, నిజమే. కానీ అంటూనే కథకుణ్ణి ఆపి, ‘అదెట్లా సాధ్యం?’ అని అడ్డుప్రశ్న వేస్తారు. ఆ ప్రశ్నలు లేకపోతే కథ నడవదు, జనం నిద్రపోతారు. మనం తందానాను ఉంచుకుని వంతగాణ్ణి గ్రూపు నుంచి తీసేశాం. శాస్త్ర చర్చల్లోనూ ఇదే పద్ధతి. ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదాన్ని వాడే తల ఊపేటంత సరిగ్గా చెప్పి, ఆ తరవాతే సిద్ధాంతానికి రావాలి. ఆ శాస్త్రాల గొప్పతనం గురించి రోజూ ఫార్వర్డులు పంపే మా 23వ నంబరు, పూర్వపక్షం అంటే నెలలో మొదటి పదిహేను రోజులనుకుంటున్నాడు.

విజయవాడ గోరా గారిది కరడుగట్టిన నాస్తికత్వం. ఆయన గాంధీకి ఉత్తరాలు రాసి, 1944లో సేవాగ్రామం వెళ్లి, ప్రార్థనలతో తెల్లవారే ఆ ఆశ్రమంలోనే కూర్చుని దేవుడు లేడని వాదించారు. గాంధీ మారలేదు, గోరా మారలేదు. కానీ గోరా కూతురి కులాంతర వివాహాన్ని తన ఆశ్రమంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తరవాత, 1948 మార్చిలో, ఆ పెళ్లి సేవాగ్రామంలోనే జరిగింది. వాళ్లకు వాట్సాప్ లేకపోవడం దేశం చేసుకున్న పుణ్యం. ఉండి ఉంటే గోరా మొదటి సందేశానికే ‘ఈ గ్రూపు భజనలకు మాత్రమే’ అనే జవాబు వెళ్లేది, అవతల విజయవాడలో ‘ప్రార్థన అనే మాట వాడినందుకు’ గాంధీని తీసేసేవారు.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. ‘ఇంత చిన్న ప్రశ్నకు ఇంత పట్టుదల ఎందుకురా, వదిలెయ్యి’ అని 17వ నంబరు నన్ను అడిగాడు కనుక ఇది కూడా చెప్పాలి. 2018 మేలో, పార్థీ గ్యాంగు దిగిందనీ, పిల్లలను ఎత్తుకుపోతోందనీ తెలుగు నాట ఫోన్లన్నీ మోగిపోయాయి. అప్పుడు మేము ఇంకా చీలలేదు. 58 మందిమీ ఒక్కటే. ఆ సందేశం మా గ్రూపులోకీ వచ్చింది. ‘నిజమేనా?’ అని 58 మందిలో ఒక్కడూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగకపోగా, ‘పిల్లలు జాగ్రత్త’ అని మా చెల్లెలికి పంపాను. ఆ నెలలోనే హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఈ పుకారే పట్టుకున్న గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రెయిన్‌పాడలో, సంతకు వచ్చిన ఐదుగురు సంచార భిక్షుకులను పంచాయతీ గదిలోకి ఈడ్చి చంపారు. ఆ తరవాత వాట్సాప్ మేలుకుని, ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డు చేయకుండా కట్టడి చేసింది. జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి అంతకు ముందే ఊరూరికీ పోలీసులను పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ‘నమ్మకండి, అడగండి’ అని చెప్పించారు. డప్పుకు, పాటకు తెలిసిన పని, చేతిలో వేల రూపాయల ఫోను పెట్టుకుని పట్టాలు పుచ్చుకున్న 58 మంది పెద్దమనుషులకు తెలియలేదు. సానుకూల దృక్పథమట! ఆ ఐదుగురి ఇళ్లకు వెళ్లి చెప్పండి మీ సానుకూల దృక్పథం గురించి. అడగడం ద్రోహమైతే అడగకుండా పంపిన నా చేతిని ఏమనాలో చెప్పండి. ఆ ఫార్వర్డు పంపినందుకు నన్ను ఏ గ్రూపు నుంచీ ఎవరూ తీసేయలేదు.

సరే. ఫిబ్రవరిలో మా లెక్కల మాస్టారికి సహస్ర చంద్ర దర్శనం వచ్చింది. అసలు బ్యాచ్ వాళ్ళు సన్మానం తలపెట్టారు. సిసలు బ్యాచ్ వాళ్ళూ తలపెట్టారు. ఊళ్లో ఉన్నది ఒక్కటే ఫంక్షన్ హాలు, ఆ నెలలో మాస్టారికి కుదిరినది ఒక్కటే ఆదివారం. హాలు యజమాని గొప్ప రాజనీతిజ్ఞుడు. పై అంతస్తు అసలుకు, కింది అంతస్తు సిసలుకు ఇచ్చి, ఇద్దరి దగ్గరా పూర్తి అద్దె పుచ్చుకున్నాడు. రెండు శాలువాలూ తణుకులో ఒకే దుకాణంలో కొన్నవి. రెండు జ్ఞాపికల మీదా ఒకే అచ్చుతప్పు ఉంది. రెండుచోట్లా వెలివేయబడిన వాణ్ణి కనుక, మాస్టారిని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించే బాధ్యత తటస్థుడనైన నాకే అప్పగించారు.

“ఏరా, కింద సన్మానం చేసింది ఎవరు?” అని ఆయన నాలుగో మెట్టు దగ్గర ఆగి అడిగారు.

“మన బ్యాచేనండి.”

“మరి పైన ఉన్నది?”

“వాళ్ళూ మన బ్యాచేనండి.”

ఆయన లెక్క కుదరని వాడిలా నన్ను చూశారు. ఒకప్పుడు బోర్డు మీద కావాలని వంకరగా త్రిభుజం గీసి, ఈ రెండు కోణాలూ సమానమేనా అని అడిగేవారు. చూస్తే సమానంగానే ఉన్నాయండి అన్నవాడి మీద సుద్దముక్క పడేది. ‘చూస్తే కాదురా, ఉపపత్తి ఏది?’ అనేవారు. ఆ సుద్దముక్కలు ఎక్కువ తిన్నది ఇప్పటి ఇద్దరు అడ్మిన్లే.

పైన వేదిక మీద మైకు చేతికి రాగానే మాస్టారు ప్రసంగం మానేసి, పాత అలవాటు కొద్దీ ఒకటో నంబరు నుంచి హాజరు పిలవడం మొదలుపెట్టారు. ముప్పై ఆరేళ్లయినా ఒక్క పేరూ మరిచిపోలేదు. సగం పేర్లకు ‘అండీ’ అని లేచారు, సగం పేర్లకు ఎవరూ పలకలేదు. ఇంతమంది బడికి ఎందుకు రాలేదని ఆయన అడిగారు. కింద ఉన్నారని ఎవరో నసిగారు. “అయితే పిలుచుకురండిరా” అన్నారు మాస్టారు, అదేదో కష్టమైన పని కాదన్నట్టు.

హాలులో ఎవరూ కదలలేదు. అందుకు అడ్మిన్ గారి అనుమతి కావాలి. ఆ సమయానికి ఆయన భోజనాల దగ్గర, కింది అంతస్తు వాళ్ళ విస్తళ్లలో పూర్ణాలు ఎన్ని పడుతున్నాయో కనుక్కురమ్మని 41వ నంబరును పంపి, మెట్ల వైపే చూస్తూ నిలబడి ఉన్నారు.