ఒంటిరెక్క ఉపగ్రహానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎంటీశాట్ గారి సముఖమునకు,

తమరు జపాన్ ఉపగ్రహం, అక్కడ తమ ముద్దుపేరు హిమవారి, అంటే పొద్దుతిరుగుడు పువ్వు. (తెలుగు చెవికి మాత్రం మంచునీళ్లే వినిపిస్తాయి.) పేరుకు పొద్దుతిరుగుడే గానీ, తమరు రాత్రింబవళ్లు చూసింది భూమి ముఖమే.

తమకు యజమానులిద్దరు. వాతావరణ సంస్థకు మబ్బుల ఫొటోలు కావాలి. పౌర విమానయాన శాఖకు పసిఫిక్ మీది పైలట్లతో మాటలూ, జీపీఎస్ తప్పుల సవరణా కావాలి. రెండిటికీ ఒక్క ఉపగ్రహం చాలు, ఒక్క దెబ్బకు రెండు పిట్టలన్నారు. 1999 నవంబరు 15న నిజంగానే రెండు పిట్టలూ రాలాయి. తమను మోసుకెళ్తున్న హెచ్-2 రాకెట్ మొదటి దశ ఇంజన్‌లో, ద్రవ హైడ్రోజన్ పంపు మూతి దగ్గర తిరిగే రెక్క బుడగల పోట్లకు అలిసి విరిగింది. ఇంజన్ ఆగింది, రాకెట్‌ను నేల మీంచే పేల్చేశారు. అసలు కారణం తేల్చడానికి ఆ ఇంజన్‌ను సముద్రంలో దాదాపు 3 వేల మీటర్ల లోతు నుంచి పైకి తీయాల్సివచ్చింది.

దాంతో, 5 ఏళ్ల ఆయుష్షుతో 1995లో వెళ్లిన, తమ ముద్దుపేరే ఉన్న పాత వాతావరణ ఉపగ్రహం హిమవారి-5 చేత 2003 దాకా చాకిరీ చేయించారు. ఆపైన అమెరికా వారి వాతావరణ ఉపగ్రహం గోస్-9ను అరువు తెచ్చుకున్నారు. తుపాన్ల దేశానికి అరువు కన్ను!

2005లో ఎంటీశాట్-1ఆర్‌గా మళ్లీ పుట్టారు, ఏడాదికి తమ్ముడు ఎంటీశాట్-2 వచ్చాడు. 1ఆర్ వారూ, తమ ఒంటిరెక్క ముచ్చట చెప్పుకోవాలి. పరారుణ కెమెరా సెన్సర్లు చల్లగా ఉంటేనే మబ్బు వేడిని పట్టగలవు. అందుకే వాటి చల్లదనపు కిటికీ ఉత్తరాన చీకటి వైపు పెట్టారు. అటు సౌరఫలకం ఉంటే దాని వేడి కిటికీకి సోకుతుంది. కాబట్టి ఫలకం దక్షిణాన ఒక్కటే. ఇక ఎండ తోపుడుకు ఒళ్లు పక్కకు తిరిగిపోతుంది గనక, ఉత్తరాన పొడవాటి కర్ర చివర తెరచాప! ఒక సుఖానికి ఎన్ని సవరింపులో.

పైలట్లకు తమరు మేలే చేశారు. దూరాలకు వాడే హెచ్ఎఫ్ రేడియో గరగరల్లో అరిచి చెప్పే విమానం స్థానం, డేటాగా దానంతటదే వెళ్లింది. ఇన్‌మార్‌శాట్ అనే మరో ఉపగ్రహ సంస్థ ఈ పని అంతకుముందే చేస్తోందనుకోండి, అది వేరే సంగతి.

అయితే, తమ కన్ను చూసింది తమ నోటికెప్పుడు తెలిసింది? ఉరుముల మబ్బు తమకు కనబడుతూనే ఉండేది, దాని పక్కనే ఎగిరే విమానం తమ యాంటెన్నా పరిధిలోనే ఉండేది. అయినా ఫొటో 36 వేల కిలోమీటర్లు దిగాలి, వాతావరణ నిపుణుడు చూడాలి, హెచ్చరిక కంట్రోలర్‌కు చేరాలి, మళ్లీ 36 వేలు ఎక్కాలి, అదీ అప్పటి వరస. భూగోళం మొత్తం ఫొటో గంటకొకటే వచ్చేది. ఆ మబ్బు అరగంటలో ఎదిగిపోగలదు.

2015 జులైలో ఫొటోల పని తమ తరవాతి ఉపగ్రహం హిమవారి-8 అందుకుంది. 16 చానళ్లు, 10 నిమిషాలకో ఫొటో, విమానాల గోల లేదు. వేరు కాపురమన్నమాట! తమ్ముడుగారికి మాత్రం విమానాల పని 2020 దాకా తప్పలేదు. కన్ను మూశాక కూడా చాకిరీ చేసినవారు ఇంకెవరున్నారు?

ఇట్లు,
తమ చూపు కింద ఎగిరినవారు