వాషింగ్టన్ వీధి మెట్లగారికి ఒక రిటైర్డు గుమాస్తా అర్జీ

విషయము: బ్రూక్లిన్ వంతెనపైకి కాలినడకన పోవు ద్వారము భూగర్భ రైలు (సబ్‌వే)లో వచ్చిన ప్రయాణికులకు కనబడకపోవుట – గురించి.

సూచిక: 24-5-1883 నాటి వంతెన ప్రారంభోత్సవము.

ఆర్యా,

న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్ ఒడ్డున, వాషింగ్టన్ వీధి వంతెన కిందుగా దూరిపోయే ఆ అరచీకటి దారిలో నిలబడి, మనిషిని వంతెన మీదికి ఎక్కించే తమ దర్శనానికి నాకు ఒక పూట పట్టింది. ఈ మాట ఫిర్యాదుగా రాయడం లేదు. నేను 33 ఏళ్లు ఒక సర్కారు కార్యాలయంలో అర్జీలు తీసుకునే కిటికీ వెనక కూర్చున్నవాణ్ణి. ఆ కిటికీ భవనానికి ముందువైపు ఉండేది కాదు. పాత రికార్డుల గది దాటి, సైకిల్ స్టాండు పక్కగా నడిచి, మూసి ఉన్నట్టు కనిపించే ఒక తలుపును నెడితే వచ్చేది. యాభై మంది రావలసిన చోట పదిహేను మందే వచ్చేవారు, మా సెక్షన్‌లో పెండింగు తక్కువని పై అధికారులు మెచ్చుకునేవారు. కాబట్టి ద్వారాన్ని దాచే విద్యలో నాకు కొంత ప్రవేశం ఉంది. తమ పనితనం చూశాక నేనింకా ఓనమాల దగ్గరే ఉన్నానని తెలిసింది.

జెర్సీ సిటీలో ఉంటున్న మా అమ్మాయి ఆ రోజు ఆఫీసుకు బయలుదేరుతూ, వంతెన మీద అవతలి ఒడ్డునున్న మన్‌హాటన్ నుంచి బ్రూక్లిన్‌కు నడవొద్దనీ, బ్రూక్లిన్‌లో ఎక్కి మన్‌హాటన్ వైపు నడిస్తే ఆ మేడలన్నీ ఎదురుగా కనిపిస్తాయనీ, లేకపోతే మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకోవలసి వస్తుందనీ చెప్పింది. మాట బాగానే ఉంది. నేనూ మా ఆవిడా జర్నల్ స్క్వేర్‌లో ‘పాత్’ అనే రైలెక్కి వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర దిగి, ఫుల్టన్ స్ట్రీట్ స్టేషన్‌లో ‘ఎ’ రైలు పట్టుకున్నాం. రైలు ఈస్ట్ రివర్ అడుగున సొరంగంలో దూసుకుపోయి, కాసేపటికే మమ్మల్ని తరువాతి స్టేషన్‌లో దించేసింది. అంటే ఏ నదిని నడిచి దాటాలని బయలుదేరామో, ఆ నదిని రైలులో దాటి, మళ్లీ నడిచి దాటడానికి సిద్ధమయ్యామన్నమాట. ముక్కేదిరా అంటే తల చుట్టూ చేయి తిప్పి చూపించడం మనవాళ్లకే వచ్చునని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఇక పేర్ల సంగతి. ‘బ్రూక్లిన్ బ్రిడ్జి’ అన్న మాటతో మొదలయ్యే స్టేషన్ బ్రూక్లిన్‌లో లేదు. అది 4, 5, 6 నంబరు రైళ్లు ఆగే బ్రూక్లిన్ బ్రిడ్జి–సిటీ హాల్ స్టేషన్, ఉన్నది మన్‌హాటన్‌లో. బ్రూక్లిన్ ఒడ్డున తమకు దగ్గరగా ఉన్న స్టేషన్‌ను పటంలో వెతికితే హై స్ట్రీట్ అని కనిపిస్తుంది. పేరు చదివి దిగినవాడు అవతలి ఒడ్డున తేలతాడు, పేరును నమ్మనివాడే సరైన చోట దిగుతాడు. మా ఆఫీసులో ‘విచారణ’ అని బోర్డున్న బల్ల దగ్గర ఎవరూ ఉండేవారు కాదు. ఆ బల్ల నాకు అప్పుడు గుర్తుకొచ్చింది.

హై స్ట్రీట్ స్టేషన్‌కు ఒక దారి ఆడమ్స్ వీధి వైపు, మరొకటి కాడ్మన్ ప్లాజా వెస్ట్ వైపు తీస్తాయి. మేము వెస్ట్‌లో తేలాం. తమ దగ్గరకు రావాలంటే ఉద్యానవనం దాటి కాడ్మన్ ప్లాజా ఈస్ట్ అనే వీధికి పోవాలి. ఆ ఈస్టే ఉత్తరానికి నాలుగడుగులు వేయగానే పేరు మార్చుకుని వాషింగ్టన్ వీధి అవుతుంది. ఇవన్నీ ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను గానీ, అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే: ఎక్కడో తల పైన వేల కార్లు పోతున్న హోరు వినిపిస్తోంది, వంతెన మాత్రం కనిపించడం లేదు. నీటి మట్టానికి 84 మీటర్ల ఎత్తున లేచిన రెండు రాతి బురుజులు నది మీద పోయే ప్రతి పడవకూ కనిపిస్తాయి, మన్‌హాటన్ వంతెన మీదుగా పోయే రైళ్లలో కునికిపాట్లు పడేవారికి కూడా కనిపిస్తాయి. వంతెన ఎక్కుదామని వచ్చి దాని మొదట్లో నిలుచున్నవాడికే చెట్లు, గోడలు, కార్ల దారులు అడ్డొస్తాయి.

ఫోనును నమ్ముకున్నాం. భూగర్భం నుంచి అప్పుడే పైకి వచ్చిన ఫోను తెలివి తెచ్చుకోవడానికి కొంత సమయం తీసుకుని, ముందు మమ్మల్ని నది మధ్యలో చూపించి, ఆ తరువాత దయతలచి ఒడ్డుకు చేర్చింది. అది చెప్పినట్టే నడిచాం. ఒకచోట మీరు గమ్యం చేరుకున్నారని ప్రకటించింది. అబద్ధమని అనలేను, వంతెన అక్కడే ఉంది. కాకపోతే మా నెత్తిమీద ఉంది. అడ్డంగా చేరాం, నిలువుగా చేరలేదు. ఎదురొచ్చిన ఒక పెద్దమనిషిని అడిగితే ఆయన నడక ఆపకుండానే వేలు ఆకాశం వైపు ఎత్తి చూపించాడు. దారి అడిగితే దేవుణ్ణి చూపిస్తున్నాడేమిటని మా ఆవిడ ఆశ్చర్యపోయింది.

నిజం ఒప్పుకోవాలి, ఆ మొదటిసారి మేము తమ ముందు నుంచే నడిచి వెళ్లాం. ఎవరివో సొంత మెట్లు కాబోలు అనుకున్నాం. వీధి పల్లానికి దిగుతుంటే మేమూ దిగుతూ పోయి వాటర్ స్ట్రీట్ మూలకు చేరాం. అక్కడ తిరునాళ్లలా జనం. పెళ్లి దుస్తుల్లో ఒక జంట. అందరూ ఇటుకల భవనాల మధ్య నిలబడి, ఎదురుగా లేచిన బ్రహ్మాండమైన వంతెనకు ఫోటోలు తీస్తున్నారు. దొరికిందిరా అనుకుని నేనూ ఒకటి తీసి, బ్రూక్లిన్ వంతెన అని రాసి కుటుంబం గ్రూపులో పెట్టాను. నిమిషంలో హైదరాబాదు నుంచి మా వియ్యంకుడు జవాబిచ్చాడు: “బావగారూ, నీలం రంగు ఉక్కు స్తంభం కనిపిస్తోంది. ఇది పక్కనున్న మన్‌హాటన్ వంతెన కదా!” అవును, అది 1909 డిసెంబరు 31న తెరిచిన మన్‌హాటన్ వంతెన. వియ్యంకుడి ముందు ఇంత చిన్నబోవడం పెళ్లి మాటల నాడు కూడా జరగలేదు. తమరు దాగి ఉండడమే కాక, వెతికేవాడిని మరొక వంతెన మీదికి మళ్లించే ఏర్పాటు కూడా చేసుకున్నారు. మా సెక్షన్‌లో దీన్ని ‘సంబంధిత విభాగానికి బదిలీ’ అనేవాళ్లం.

మళ్లీ ఎగువకు ఎక్కి వచ్చాక తమ దర్శనమైంది. బోర్డు కూడా ఉంది. బోర్డు లేదన్న అపవాదు నేను వేయను. సరిగ్గా తమ ఎదుట నిలబడినవాడికి, అంటే ఇక బోర్డుతో పని లేనివాడికి, అది చక్కగా కనిపిస్తుంది.

ఇక్కడ నాకు ఒక సందేహం. వంతెన తెరిచిన తొలినాడు 1,50,300 మంది దాటారని లెక్క చెబుతారు. లెక్క వందల దాకా ఇంత ఖచ్చితంగా ఉందంటే, గుమ్మం దగ్గర మనిషిని లెక్కపెట్టడానికి మరొక మనిషి ఉన్నాడన్నమాట. ఉంటాడు మరి, అప్పట్లో ఊరికే దాటనిచ్చేవారు కాదు. కాలినడకన పోయేవాడికి ఒక సెంటు, గొర్రెకైనా పందికైనా రెండు సెంట్లు, ఆవుకు ఐదు, గుర్రబ్బండికి పది సెంట్లు సుంకం. పాదచారి వెల గొర్రె వెలలో సగమైనా, వాడికి కూడా ఒక కౌంటరు ఉండేది, కౌంటరు ఎక్కడుందో వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. 1891లో పాదచారుల సుంకం ఎత్తివేశారు, 1911లో బండ్లకూ ఎత్తివేశారు. సుంకంతో పాటు మా మీద శ్రద్ధ కూడా ఎత్తివేశారని నా అనుమానం. మా కార్యాలయంలోనూ ఇదే పద్ధతి: చలానా కట్టే కౌంటరు సింహద్వారం ఎదురుగా, ట్యూబులైటు కింద ఉండేది, అర్జీ ఇచ్చే కిటికీ ఎక్కడుండేదో పైన మనవి చేశాను.

ఈ వంతెనను తలపెట్టిన జాన్ రోబ్లింగ్ గారి ఉద్దేశం ఇది కాదు. బండ్ల దారికి పైన, నడిమధ్యన, పాదచారుల కోసమే ప్రత్యేకంగా ఒక ఎత్తైన దారి ఉండాలని, క్రిక్కిరిసిన నగరంలో గాలి పీల్చుకుంటూ తిరిగే అలాంటి చోటుకు వెల కట్టలేమని ఆయన ముందే రాసి పెట్టారు. 1869లో వంతెన ఎక్కడ మొదలవాలో కొలతలు చూస్తుండగా పడవ వచ్చి తగిలి ఆయన కాలు నలిగింది, ధనుర్వాతం సోకి కొద్ది వారాల్లో పోయారు. ఈ వంతెన మొదలు ఎక్కడని వెతికినవారిలో అందరికన్నా ఎక్కువ నష్టపోయింది ఆయనే. కొడుకు వాషింగ్టన్ రోబ్లింగ్ పునాదుల కోసం నది అడుగుకు దించిన పెద్ద పెట్టెల్లో పనిచేసి జబ్బుపడి ఇల్లు కదలలేకపోతే, కోడలు ఎమిలీ ఏళ్ల తరబడి ఆయన సూచనలను పని జరిగే చోటికి మోసుకుపోయి వంతెనను గట్టెక్కించారు. ఆవిడకు దారి చూపడానికి ఫోను లేదు.

మెట్లంటే పరిహాసం కాని రోజు కూడా ఒకటుంది. తెరిచి వారం తిరగకముందే, 1883 మే 30న, మన్‌హాటన్ వైపు ఇరుకు మెట్ల దగ్గర జనం భయపడి తోసుకోగా 12 మంది ప్రాణాలు పోయాయి. ఆ జాగ్రత్తతోనే తమరు జనానికి కనిపించకుండా ఉంటున్నారంటే నేను నోరు మూసుకుంటాను. కానీ జాగ్రత్త అంటే వెడల్పు చేయడమని, దాచడం కాదని గుమాస్తాకైనా తెలుసు.

జార్జి పార్కర్ అనే మోసగాడు ఈ వంతెనను మళ్లీ మళ్లీ అమ్మాడని, కొన్న అమాయకులు సుంకం వసూలుకు దాని మీద గేట్లు పెట్టబోతే పోలీసులు వచ్చి తీయించేవారని చెబుతారు. అందరూ ఆ అమాయకులను చూసి నవ్వుతారు. నాకు మాత్రం గౌరవం కలిగింది. వాళ్లు ఎవరినీ అడగకుండా ద్వారం దగ్గరికి వెళ్లగలిగారు!

తమ ముందు నిలబడి మా ఆవిడ తన మోకాళ్ల వైపొకసారి, తమ వైపొకసారి చూసింది. మెట్లు ఎక్కలేనివారికి ర్యాంపు ఉంది. అది ఆడమ్స్, టిల్లరీ వీధుల కూడలిలో, రెండు కార్ల దారుల మధ్య మొదలవుతుంది. వెనక్కి అంత దూరం నడిచి అక్కడ ఎక్కినవారు, నది కనిపించే దాకా చాలాసేపు కార్ల మధ్యనే నడవాలి. మోకాళ్లు బాగాలేనివారికి ఎక్కువ దూరం, బాగున్నవారికి తక్కువ దూరం! “ఈ వంతెన ఎక్కడానికి ముందే ఇన్ని ఊళ్లు తిరగాలా?” అని ఆవిడ కొంగు బిగించి తమనే ఎక్కింది. ప్రతి నాలుగో మెట్టు దగ్గర ఆగి తమను అన్న మాటలు ఈ అర్జీలో చేర్చడం లేదు.

పైకి వచ్చాక ఫిర్యాదేమీ లేదు. సైకిళ్లను 2021లో కింది దారికి పంపారు, అమ్ముకునేవారిని 2024 జనవరి నుంచి రానివ్వడం లేదు. కాళ్ల కింద చెక్కలు, రెండు పక్కలా తీగల వల, ఎదురుగా అమ్మాయి చెప్పిన మేడలు. మధ్య భాగమే 486 మీటర్లు. మా ఆవిడకు మోకాళ్లు గుర్తుకు రాలేదు.

అవతలి ఒడ్డున దిగగానే సిటీ హాల్ ఎదుట, అడుగు దూరంలో, ఆ బ్రూక్లిన్ బ్రిడ్జి స్టేషన్ కనిపించింది. అప్పుడే అందులోంచి పైకి వచ్చిన ఒక పిల్లవాడు, వంతెనకు వీపు పెట్టి నిలబడి, ఫోనును నాలుగు దిక్కులకూ తిప్పి, చివరికి నన్నే అడిగాడు, వంతెన ఎక్కే దారి ఎటని. 33 ఏళ్ల అలవాటు ఊరుకోదు కదా. పక్క కిటికీలో అడగండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆవిడ అతని భుజం పట్టి వెనక్కి తిప్పింది.

కావున ప్రార్థించునది ఏమనగా, వెస్ట్‌లో తేలిన ముసలివాడికి కూడా కనిపించేటంత పెద్ద బాణం గుర్తులు మరికొన్ని, స్టేషన్ గడప నుంచి తమ మొదటి మెట్టు దాకా, పైవారికి రాసి మంజూరు చేయించగలరు. నిధులు లేవన్న పక్షంలో తలకు ఒక సెంటు సుంకం మళ్లీ పెట్టించండి, మర్నాటి ఉదయానికల్లా తమరు ఊరందరికీ కనిపిస్తారు.

ఇట్లు,
తమ విధేయుడు,
రిటైర్డు సీనియర్ అసిస్టెంటు, అర్జీల కిటికీ.

నకలు: ఆడమ్స్–టిల్లరీ కూడలిలోని ర్యాంపుగారికి, సమాచార నిమిత్తం. దారి తెలిసినవారు అందజేయగలరు.