రీఫ్ ట్యాంకుకి (పగడాలు పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియానికి) రాతి గోడ కడుతున్నారా? వెనక సందు సంగతేంటి మరి?

రుషికొండ దగ్గర నాలుగు రాళ్ళు ఏరుకొచ్చి, కడిగి, వెనక అద్దానికి సిలికాన్‌తో అంటించేసి "నేచురల్ లుక్" అని ఫొటోలు పెట్టడం ఈమధ్య ఎక్కువైంది. బాబూ, మన వైజాగ్ కొండల్లో ఎక్కువ భాగం ఖొండలైట్. గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం నిండిన రాయి, పైన కనిపించే ఆ ఎరుపంతా ఇనుప తుప్పే. దాన్ని ఉప్పునీళ్ళలో నానబెడితే ఆల్గేకి (నాచుకి) మేత వేసినట్టే. బరువు సంగతి సరేసరి, అద్దం మీద వేలాడదీసే రాయి కాదది. భీమిలి ఇసుక అయితే ఇంకా ఘోరం. అందులోని నల్ల రేణువులు అద్దం తుడిచే అయస్కాంతానికి అంటుకుంటాయి, ఒక్కసారి లాగారంటే అద్దం మీద అడ్డంగా గీత, ఇక పోదు. పోనీ సముద్రంలోంచి పగడపు రాయి తెద్దామా అంటే, గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. ముట్టుకోకండి.

గోడ కావాలంటే ఎక్స్‌పీఎస్ (పూసల్లేని గట్టి ఫోమ్) షీటు వాడండి. టీవీ డబ్బాలో వచ్చే మామూలు థర్మకోల్ వద్దు, పూసలు రాలి పంపుల్లో దూరతాయి. షీటుని హ్యాక్సా బ్లేడుతో, వైర్ బ్రష్‌తో చెక్కండి. ముక్కలుగా పెట్టాల్సొస్తే అతుకు తిన్నగా కాకుండా వంకరగా కోయండి, గీత కనపడదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు, 4 సెంటీమీటర్ల మందం ఉన్న షీటు 22 లీటర్లకి పైగా చోటు తీసుకుంటుంది. అంటే ట్యాంకు నిండగానే అది సుమారు 22 కిలోల బలంతో పైకి లేస్తుంది. మధ్యలో నాలుగు చుక్కల సిలికాన్ ఆగదు. ఖాళీ ట్యాంకుని వెనక అద్దం కిందకొచ్చేలా నేలమీద పడుకోబెట్టి, అద్దం నిండా గీతలు గీతలుగా సిలికాన్ వేసి, షీటు పరిచి, పైన బరువులు పెట్టి రెండ్రోజులు కదపకండి. తర్వాత నాలుగు అంచులూ వేలితో నొక్కుతూ మూసెయ్యండి. వెనిగర్ వాసనొచ్చే మామూలు సిలికానే కావాలి. బాత్రూములకని అమ్మే, బూజు పట్టదని రాసి ఉన్నది మాత్రం వద్దు, అందులో బూజుని చంపే మందు ఉంటుంది.

అంచులు ఎందుకు మూయాలంటే, వెనక వేలు దూరేంత సందు మిగిలినా చాలు, చేపల మలం, మిగిలిన తిండి అక్కడే చేరుతుంది. నీళ్ళు కదలవు. కుళ్ళుతుంది. నైట్రేట్ (ఆ కుళ్ళు నుంచి నీళ్ళలో చేరే వ్యర్థం) ఎందుకు దిగట్లేదో తెలీక జనం స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) మార్చేస్తుంటారు, అదొక దండగ ఖర్చు.

పై పూతకి సాల్వెంట్ లేని ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) వాడండి. హార్బర్‌లో ఫైబర్ పడవలకి వాడే పాలిస్టర్ రెసిన్ చవగ్గా దొరుకుతుందని తెచ్చారో, దాన్లోని స్టైరీన్‌కి షీటు మీ కళ్ళముందే కరిగిపోతుంది. ఎపాక్సీ 200 గ్రాములకి మించి ఒకేసారి కలపకండి, మన మే నెల ఎండకి గిన్నెలోనే గట్టిపడి పొగలొస్తుంది. తడి ఆరకముందే ప్యాకెట్‌లో అమ్మే అరగోనైట్ (సున్నపు) ఇసుక చల్లి అరచేత్తో అదమండి, గ్లవ్స్ వేసుకుని. మన ఉక్కకి పైన జిడ్డుపొర తేలుతుంది, అది ఎపాక్సీ పాడవడం కాదు. గోరువెచ్చని నీళ్ళతో తుడిచి రెండో పూత వెయ్యండి. వారం ఆరనిచ్చి, మంచినీళ్ళు నింపి పారబోసి, మళ్ళీ నింపి పారబొయ్యండి.

ఎపాక్సీకి బదులు సిమెంటు పూత చవకే. కానీ నీళ్ళు మారుస్తూ నెల దాకా నానబెట్టినా పీహెచ్ (నీళ్ళ క్షార గుణం) తగ్గిందో లేదో కొలిచి చూసుకోవాలి. అంత ఓపిక ఉన్నవాళ్ళకే అది.

రంగులకి డబ్బు తగలెయ్యకండి. ఆల్కలినిటీ 8-9 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్), కాల్షియం 420 పీపీఎం దగ్గర నిలకడగా ఉంటే కొరలైన్ ఆల్గే (రాళ్ళకి గట్టి పొరలా పట్టే నాచు) దానంతటదే ఊదాగా కప్పేస్తుంది. ఓవర్‌ఫ్లో పళ్ళకి (నీళ్ళు పొర్లి బయటికి పోయే దువ్వెనలాంటి సందులకి) మాత్రం షీటు అడ్డం రాకూడదు. సముద్రపు ముళ్ళకాయలు (సీ అర్చిన్లు) పెంచేవాళ్ళు పూత మందంగా వెయ్యండి, అవి గీకి గీకి ఫోమ్ బయటపెడతాయి.

ఇప్పటికే నీళ్ళు, పగడాలు ఉన్న ట్యాంకా? అయితే ఈ పని అసలు పెట్టుకోకండి. వెనక అద్దానికి బయటనుంచి నల్ల వినైల్ షీటు అంటించి ఊరుకోండి.