మనది పెట్టుబడి, వాళ్ళది దుబారా

ఇంగ్లండు ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ అభిమానులకు ఒక ధర్మశాస్త్రం ఉంది. దాన్ని ఎవరూ గ్రంథస్థం చెయ్యలేదు కాబట్టి బయటివాళ్ళు అసలు లేనే లేదనుకుంటారు, లేదా ద్వంద్వనీతి అని ఒక్క మాటలో కొట్టిపారేస్తారు. రెండూ తొందరపాటు తీర్మానాలే. మన క్లబ్బు పది కోట్ల పౌండ్లు పోసి ఆటగాణ్ణి కొంటే అది దూరదృష్టితో పెట్టిన పెట్టుబడి. పక్క ఊరి క్లబ్బు అంతే సొమ్ము పోసి అలాంటి ఆటగాణ్ణే కొంటే అది ఆటను పట్టి పీడిస్తున్న ధనమదం. సూత్రం చూడడానికి సులువుగానే కనిపిస్తుంది గానీ, దాన్ని ప్రతి సందర్భంలోనూ తప్పు పోకుండా అన్వయించాలంటే తర్కం, గణితం, కంపెనీ చట్టం, కొంచెం విదేశాంగ నీతి కూడా తెలిసి ఉండాలి. అభిమానులు ఇవన్నీ జీతం బత్తెం లేకుండా నేర్చుకున్నారు. ఆ పాండిత్యానికి దక్కవలసిన గౌరవం దక్కలేదన్న బాధతోనే ఈ నాలుగు మాటలూ రాయవలసి వచ్చింది.

డబ్బు ఫుట్‌బాల్‌ను చెడగొట్టిందన్న విషయంలో ఇంగ్లండులో భిన్నాభిప్రాయమే లేదు. ఏ రోజున చెడగొట్టిందన్న దగ్గరే శాఖాభేదాలు మొదలవుతాయి. మాంచెస్టర్ యునైటెడ్ శాఖవారు 1995లో బ్లాక్‌బర్న్ రోవర్స్ లీగ్ గెలిచిన నాడే చెడిందంటారు. ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ తన ఊరి జట్టు కోసం ఇనప్పెట్టె తెరిచి, 1992లో అలన్ షియరర్‌ను అప్పటి బ్రిటిష్ రికార్డు ధరకు కొనిపించాడు మరి. 2002లో మీ క్లబ్బు రియో ఫెర్డినాండ్ కోసం దాదాపు 3 కోట్ల పౌండ్లు గుమ్మరించలేదా అని అడిగితే, అది మేము గెలిచి సంపాదించుకున్న సొమ్ము అని సమాధానం వస్తుంది. ఆర్సెనల్ శాఖకు ఆ దుర్దినం 2003లో, రష్యా కోటీశ్వరుడు రోమన్ అబ్రమోవిచ్ చెల్సీని కొన్నప్పుడు వచ్చింది. చెల్సీవారి పంచాంగంలో అది 2008, అబూధాబీ నుంచి షేక్ మన్సూర్ వచ్చి మాంచెస్టర్ సిటీని కొన్న సంవత్సరం. సిటీవారిని అడిగితే, పాత సంపన్నులంతా ఒకచోట చేరి కొత్తవాళ్ళు ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని నిబంధనలు రాసుకున్న రోజునే ఆట చచ్చిపోయిందంటారు. ఈ శాఖలన్నిటినీ తులనాత్మకంగా పరిశీలించినవారికి తేలే సిద్ధాంతం ఒకటుంది: మన వంతు ముగిసిన మర్నాడే ఆట చెడుతుంది. 1905లో మిడిల్స్‌బ్రో క్లబ్బు సండర్‌లాండ్ నుంచి ఆల్ఫ్ కామన్‌ను 1,000 పౌండ్లకు కొన్నప్పుడు కూడా ఇదేం అన్యాయమని గుండెలు బాదుకున్నవాళ్ళున్నారు. వాళ్ళలో మిడిల్స్‌బ్రో అభిమానులు ఎందరో తెలుసుకోవాలని నాకు చాలా కుతూహలం.

ఈ శాస్త్రంలో ప్రాయశ్చిత్త కాండ కూడా ఉంది. దాని పేరు నెట్ స్పెండ్. కొన్నవాళ్ళ ధరల్లోంచి అమ్మినవాళ్ళ ధరలు తీసెయ్యగా మిగిలినదే అసలు ఖర్చు అన్నది దీని సారాంశం. ఇందులో లివర్‌పూల్ అభిమానులను మించిన నిష్ణాతులు లేరు. 2016లో యునైటెడ్ పాల్ పోగ్బాను 8 కోట్ల 90 లక్షల పౌండ్లకు కొన్నప్పుడు, ఆట అంటే ఇదే అయిన రోజున తాను ఈ ఉద్యోగంలో ఉండనని లివర్‌పూల్ శిక్షకుడు యుర్గెన్ క్లాప్ అన్నాడు. 2018 జనవరిలో ఆయన వర్జిల్ వాన్ డైక్‌ను 7 కోట్ల 50 లక్షలకు తెచ్చుకున్నాడు. రక్షణ ఆటగాళ్ళలో అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఉద్యోగం మాత్రం అప్పుడు నిక్షేపంగానే నిలిచింది. దీనికి శాస్త్రం సిద్ధంగానే ఉంచిన సమాధానం, అదే నెలలో ఫిలిప్ కౌటిన్యోను బార్సిలోనాకు అంతకంటే చాలా ఎక్కువ ధరకు అమ్మారన్నది. గణితపరంగా వేలెత్తి చూపడానికి వీల్లేని వాదన ఇది. పైగా వాన్ డైక్ నిజంగానే గొప్ప ఆటగాడు కావడంతో ఎదురు వాదించేవాళ్ళ నోరు మరీ కట్టుబడిపోయింది.

అయితే నెట్ స్పెండ్ అసలు మహిమ తెలియాలంటే 2025 వేసవికి రావాలి. సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి 2021లో న్యూకాజిల్ యునైటెడ్‌ను కొన్నప్పుడు అది రక్తసిక్తమైన సొమ్మని ఖండించినవాళ్ళలో లివర్‌పూల్ అభిమానులూ ఉన్నారు. అదే నిధి చేతిలో మెజారిటీ వాటా ఉన్న అల్ ఇత్తిహాద్ క్లబ్బు 2023లో ఫాబిన్యోను కొనుక్కుంది. అప్పటికి అదే నిధి చేతిలో మెజారిటీ వాటా ఉన్న అల్ హిలాల్ 2025లో డార్విన్ నూన్యెజ్‌ను కొనుక్కుంది. నెల తిరగకుండానే లివర్‌పూల్ 12 కోట్ల 50 లక్షల పౌండ్ల బ్రిటిష్ రికార్డు ధరకు అలెగ్జాండర్ ఇసాక్‌ను న్యూకాజిల్ నుంచి తెచ్చుకుంది. అంటే సౌదీ జేబులోంచి బయలుదేరిన సొమ్ములో కొంత లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో పుణ్యస్నానం చేసి, మళ్ళీ సౌదీ జేబుకే క్షేమంగా చేరుకుందన్నమాట. తీర్థయాత్ర చేసి వచ్చిన సొమ్మును ఇంకా రక్తసిక్తమనడం అపచారం. ఇసాక్ ఆడకుండా మొరాయించి వెళ్ళిపోయాడని న్యూకాజిల్ అభిమానులు ఆగ్రహించారు. డబ్బుకోసం మనుషులు ఎంతకైనా తెగిస్తారని వాళ్ళు చెబుతుంటే వినడం ఒక అనుభవం.

ఈ న్యూకాజిల్‌వారి విదేశాంగ నీతిని కూడా తక్కువ చెయ్యకూడదు. 2021 అక్టోబరులో క్లబ్బు చేతులు మారిన వారంలోనే కొందరు అభిమానులు తలలకు అరబ్బు గుడ్డలు చుట్టుకుని, పొడుగు అంగీలు తొడుక్కుని స్టేడియానికి వచ్చారు. అలాంటి దుస్తులు వేసుకోవద్దని క్లబ్బే ప్రకటన ఇచ్చి, తరవాత కొద్ది రోజులకే వేసుకున్నా ఫరవాలేదని సర్దుకోవలసి వచ్చింది. చెల్సీవారిది ఇంకొంచెం లోతైన భక్తి. 2022 మార్చిలో బర్న్‌లీ మైదానంలో ఉక్రెయిన్ ప్రజలకు సంఘీభావంగా అందరూ చప్పట్లు కొడుతున్న సమయంలో వాళ్ళు అబ్రమోవిచ్ పేరును జపించారు. అన్నం పెట్టిన చేతిని మరిచిపోకూడదన్న సంస్కారం ఎక్కడైనా ఉంటుంది. దాన్ని అంత గొంతుతో, ఆ నిమిషంలోనే చాటడానికి మాత్రం ప్రత్యేకమైన శిక్షణ కావాలి.

గణితంలో ఉన్నత విద్య అభ్యసించినవారు కూడా చెల్సీ అభిమానులే. 2023 జనవరి ఆఖరి రోజున వాళ్ళ క్లబ్బు ఎన్సో ఫెర్నాండెజ్‌ను 10 కోట్ల 68 లక్షల పౌండ్లకు కొని, ఎనిమిదిన్నరేళ్ళ ఒప్పందం రాయించుకుంది. ధరను ఒప్పందం ఉన్న సంవత్సరాలకు పంచి లెక్కల్లో చూపే ఆచారాన్ని అమార్టైజేషన్ అంటారు. దాని ప్రకారం ఏటికి పడేది 1 కోటి 26 లక్షల పౌండ్లే కాబట్టి, ఇది నిజానికి చాలా చవక బేరమని చెల్సీ అభిమాని నిరూపించగలడు. ఇంకో ఎనభై ఏళ్ళకు రాయించుకుని ఉంటే దాదాపు ఉచితంగానే వచ్చేవాడు. ఈ మార్గం మరీ రాజబాట అయిపోతోందని గ్రహించి, ముందు యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్యా, తరవాత ప్రీమియర్ లీగూ ఆ పంపకాన్ని అయిదేళ్ళకు కుదించాయి.

ఈలోగా క్లబ్బు తన స్టేడియం పక్కన ఉన్న రెండు హోటళ్ళను 7 కోట్ల 65 లక్షల పౌండ్లకు అమ్మింది. కొన్నది ఎవరయ్యా అంటే, అదే యజమానుల మరో కంపెనీ. ఆ మీదట మహిళల జట్టును కూడా దాదాపు 20 కోట్లకు అమ్మింది. కొన్నది మాతృసంస్థే. కుడి జేబులోంచి ఎడమ జేబులోకి వేస్తే లాభం రాదని మనలాంటి పామరులం అనుకుంటాం గానీ, 2023-24 లెక్కల్లో క్లబ్బుకు పన్నుకు ముందు 12 కోట్ల 84 లక్షల లాభం వచ్చింది. ప్రీమియర్ లీగ్ ఈ అమ్మకాలను ఒప్పుకుంది. యూరప్ సమాఖ్య తన లెక్కలో ఒప్పుకోక 2025లో జరిమానా విధించింది. ఆ నిర్ణయం వెనక ఉన్నది అసూయేనని మొదట కనిపెట్టినవారు ఎవరో వేరే చెప్పాలా?

మూడేళ్ళలో 10 కోట్ల 50 లక్షల పౌండ్లకు మించి నష్టపోకూడదన్నది 2025-26 సీజను దాకా అమలుకు పెట్టుకున్న పీఎస్‌ఆర్ అనే నిబంధన. దీని పుణ్యమా అని, ఏడాది లెక్కలు ముగిసే జూన్ 30 ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో పెద్ద పర్వదినమయింది. క్లబ్బు అకాడమీలో పెరిగిన కుర్రవాడికి లెక్కల పుస్తకంలో కొనుగోలు ధర ఉండదు కాబట్టి, అమ్మగా వచ్చినదంతా శుద్ధ లాభమే. 2024లో ఆ గడువు ముంచుకొస్తుండగా చెల్సీ తన దగ్గర పెరిగిన ఇయన్ మాట్సెన్‌ను ఆస్టన్ విల్లాకు 3 కోట్ల 75 లక్షలకు అమ్మి, విల్లా తరఫున వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని మ్యాచ్‌లు ఆడిన ఒమారి కెలీమన్‌ను 1 కోటి 90 లక్షలకు తెచ్చుకుంది. రెండు క్లబ్బులూ లాభం రాసుకున్నాయి. ఊళ్ళో పుట్టి, ఆ జెండా కింద పెరిగి, ఆ చొక్కా కోసమే ప్రాణమిచ్చే కుర్రవాళ్ళు మాకు కావాలని కొన్ని తరాలుగా పాడుకుంటున్న అభిమానులు, అలాంటి కుర్రవాణ్ణి అందరికంటే ముందు అమ్మెయ్యడం ఎందుకు తెలివైన పనో ఇప్పుడు ఒకరికొకరు ఓపికగా బోధించుకుంటున్నారు. ఈ భాగం రాస్తుంటే మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఇక న్యాయశాస్త్రం. ఎవర్టన్‌కు నష్టం పరిమితి దాటిందని 2023 నవంబరులో 10 పాయింట్లు కోశారు. తరవాత అప్పీలులో దాన్ని 6కు తగ్గించి, ఏప్రిల్‌లో వేరే సంవత్సరపు లెక్కకు ఇంకో 2 కోశారు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 4 పోయాయి. ఆర్థిక నిబంధనలు ఉల్లంఘించిందని మాంచెస్టర్ సిటీ మీద 2023 ఫిబ్రవరిలో వందకు పైగా అభియోగాలు వచ్చాయి. క్లబ్బు వాటినన్నిటినీ ఖండించింది. 2024 సెప్టెంబరులో మొదలైన విచారణ డిసెంబరు దాకా సాగింది. అభియోగాలు వచ్చిన వారంలోనే సిటీ అభిమానులు స్టేడియంలో ఒక పెద్ద బ్యానరు కట్టారు. అది గోల్ కొట్టినవాడి కోసం కాదు, ఆపినవాడి కోసమూ కాదు, తమ క్లబ్బు బారిస్టరు లార్డ్ పానిక్ గౌరవార్థం. మైదానంలో పదకొండుమంది ఉండగా కోర్టు గౌను వేసుకున్నవాడికి జేజేలు అందడం చూస్తే, ఈ అభిమానం ఎంత పరిణతి చెందిందో అర్థమవుతుంది.

బ్లాక్‌బర్న్ పేరెత్తాను కాబట్టి మన వైపు బంధుత్వం కూడా చెప్పుకోవాలి. 2010 నవంబరులో ఆ క్లబ్బును 2 కోట్ల 30 లక్షల పౌండ్లకు కొన్నది పుణేలోని వెంకీస్ సంస్థ. కోళ్ళ వ్యాపారాన్ని పరిశ్రమగా నిలబెట్టిన బండా వాసుదేవరావు కుటుంబానిది. కొన్న నెలలోనే అనుభవజ్ఞుడైన శిక్షకుడు శామ్ అలర్డైస్‌ను పంపేశారు. బ్లాక్‌బర్న్ ఆటగాళ్ళచేత డ్రెస్సింగ్ రూములో కోడికాళ్ళు తినిపిస్తూ ఒక ప్రకటన తీయించారు. 2012 మేలో ఆ జట్టు దిగువ లీగుకు జారిపోయిన రాత్రి, అభిమానులు క్లబ్బు జెండా చుట్టిన కోడినొకదాన్ని మైదానంలోకి వదిలారు. జాక్ వాకర్ డబ్బు ఆటను చెడగొట్టిందని అంతకుముందు పదిహేడేళ్ళుగా ఎవరేమన్నా ఒప్పుకోని ఊరు అది. పెట్టుబడిదారు ఆటను నాశనం చేస్తున్నాడన్న సత్యం వాళ్ళకు ఆ కోడి ద్వారానే బోధపడింది.

వైరం లేకపోతే ఈ శాస్త్రమంతా ఎందుకూ కొరగాదు. సోల్ కాంబెల్ 2001లో టాటెన్‌హామ్ నుంచి పొరుగు ప్రత్యర్థి ఆర్సెనల్‌కు ఒక్క పౌండు కూడా పుట్టకుండా వెళ్ళిపోయాడు. టాటెన్‌హామ్ వాళ్ళు ఆయన్ను ఇప్పటికీ ద్రోహి అంటారు. పది కోట్లకు వెళ్ళినా అనేవాళ్ళే గానీ, అప్పుడు నెట్ స్పెండ్ కొంత ఊరట ఇచ్చేది. అదే ఆర్సెనల్ 2013లో లూయిస్ సువారెజ్ కోసం లివర్‌పూల్‌కు 4 కోట్ల ఒక్క పౌండు ఇస్తామంది. నాలుగు కోట్లు దాటితే అమ్మక తప్పదన్న షరతు ఒప్పందంలో ఉందని ఎవరో చెప్పారట. మన పెళ్ళిళ్ళలో నూటపదహార్లు చదివించినట్టు ఆ ఒక్క పౌండునూ శుభానికి కలిపి ఉంటారనే నేను అనుకుంటున్నాను. లివర్‌పూల్ యజమాని మాత్రం అక్కడ వాళ్ళేం పీలుస్తున్నారో అని బహిరంగంగానే ఆశ్చర్యపోయాడు.

ఈ శాఖలన్నీ ఏకమైన సందర్భాలు లేకపోలేదు. 2021 ఏప్రిల్‌లో ఆరు ఇంగ్లండు క్లబ్బులు ముఖ్యంగా సంపన్న క్లబ్బుల కోసమే యూరోపియన్ సూపర్ లీగ్ అని ఒక వేరు పోటీ పెట్టుకుంటామంటే, అన్ని రంగుల చొక్కాలవాళ్ళూ వీధుల్లోకి వచ్చి దాన్ని రెండు రోజుల్లో కూల్చారు. మూడో రోజునుంచి, మీ యజమానే ముందు సంతకం పెట్టాడంటే మీ యజమానే పెట్టాడని యథావిధిగా మొదలుపెట్టారు. అంతకుముందు 2016 ఫిబ్రవరిలో టికెట్టును 77 పౌండ్లు చేస్తామన్నందుకు లివర్‌పూల్ అభిమానులు వేలమంది సండర్‌లాండ్‌తో మ్యాచ్ 77వ నిమిషంలో లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0తో గెలుస్తున్న జట్టు ఆ ఖాళీ కుర్చీల ముందు 2-2కు దిగజారింది. యజమానులు నాలుగు రోజుల్లో క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు.

ధర్మశాస్త్రంలో ఈ టికెట్టు అధ్యాయం చాలా చిన్నది. పండితులు దాన్ని పెద్దగా పారాయణ చెయ్యరు. ఇప్పుడెవరైనా అమాయకుడు లేచి, ఆటగాడికి 12 కోట్లు పెట్టగలిగిన క్లబ్బు నా కుర్చీ మీద అయిదు పౌండ్లు తగ్గించలేదా అని అడిగాడనుకోండి, పక్క కుర్చీలోని పండితుడు జాలిగా చూస్తాడు. వాడు వివరంగా లెక్క చెబుతాడు: ఏడాదికి పంతొమ్మిది మ్యాచ్‌లు, మ్యాచ్‌కి ఇన్ని వేల కుర్చీలు, కుర్చీకి అయిదు పౌండ్లు, మొత్తం ఇంత; మరి ఆ లోటు క్లబ్బు లెక్కల్లో ఎవడు పూడుస్తాడు, నువ్వు పూడుస్తావా?