రాక్షస గుమ్మడి నారు: చేతులు మారుతున్న ఆ పద్ధతిని నమ్మకండి

రాక్షస గుమ్మడి పెంచాలని ఉబలాటపడేవాళ్ల మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. ఏ గుమ్మడి గింజనైనా రెండు రోజులు నీళ్లలో నానబెట్టాలట. మొలక కనబడగానే యూరియా నీళ్లు పోసి, రెండు పూటలా తడుపుతూ, నాలుగైదు ఆకులు వచ్చి మొక్క గట్టిపడేదాకా కుండీలోనే ఉంచాలట. ఆ తర్వాత నేలలో నాటితే వందల కిలోల కాయ ఖాయమట. విడివిడిగా చూస్తే ఏ మాటా తప్పనిపించదు. కానీ ఆచరిస్తే మొక్క నేలను చేరకముందే దెబ్బతింటుంది. మంచి వంశపు గింజలు ఒకటో రెండో సంపాదించి, ఈ సలహా నమ్మి పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబిస్తున్నాను.

"ఏ గుమ్మడి గింజైనా" అన్న మొదటి మాటే తప్పు. పోటీల్లో తూగే కాయలు కుకుర్బిటా మాక్సిమా జాతిలోని అట్లాంటిక్ జెయింట్ రకానివి. కెనడాలోని నోవా స్కోషియా రైతు హోవర్డ్ డిల్ ఏళ్ల తరబడి ఎంపిక చేస్తూ తయారుచేసిన రకమిది. 2023లో కాలిఫోర్నియాలో 1,247 కిలోలు తూగి ప్రపంచ రికార్డు కొట్టిన కాయ ఆ సంతతిదే. తల్లికాయ బరువు, పెంచినవాళ్ల ఇంటిపేరు, పండిన ఏడాది కలిపి గింజకు పేరు పెట్టుకునేంతగా ఈ పెంపకందారులు వంశాన్ని పట్టించుకుంటారు. మామూలు కూర గుమ్మడికి ఎంత సేవ చేసినా దాని జాతి లక్షణం దాటి పెరగదు.

"రెండు రోజులు నానబెట్టండి." ఎక్కువ గింజలను చంపేది ఇదే. గింజకు నీరు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. నీళ్లలో మునిగి ఉన్నంతసేపూ లోపలి పిండానికి ఆక్సిజన్ సరిగా అందదు, మెత్తబడ్డ గింజ కుళ్లడం మొదలవుతుంది. గోరువెచ్చని నీళ్లలో కొన్ని గంటలు చాలు. ఈ రకం గింజ పెంకు మందంగా ఉంటుంది కాబట్టి, అంచులను గరుకు కాగితంతో కాస్త రుద్ది నీరు దిగే దారి చేస్తారు. వేరు బయటికొచ్చే మొనవైపు మాత్రం ముట్టుకోకూడదు. తాజా గింజకైతే రుద్దకపోయినా నష్టం లేదు.

అసలు మొలకను నిర్ణయించేది మట్టి వెచ్చదనం. సందేశంలో దాని ఊసే లేదు! గది ఎంత ఉక్కగా ఉన్నా తడిమట్టి చల్లగానే ఉండొచ్చు, కాబట్టి థర్మామీటర్ మట్టిలోనే గుచ్చి చూడాలి. 27 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మొలక సాధారణంగా వారం లోపే పైకొస్తుంది. 15 డిగ్రీల దగ్గర గింజ కదలకుండా పడి ఉండి చివరికి కుళ్లిపోతుంది. చలి ప్రాంతాల్లో కుండీ కింద హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే చాప) పెట్టేది ఇందుకే. నీరు నిలవని గుల్ల మట్టి మిశ్రమంలో రెండు, రెండున్నర సెంటీమీటర్ల లోతున పెడితే సరిపోతుంది.

యూరియా సంగతి. గింజలో ఉన్న రెండు పప్పు బద్దలే పైకొచ్చి మొదటి జత ఆకులవుతాయి. వాటిలో సగానికి దగ్గరగా నూనె, దాదాపు మూడో వంతు ప్రోటీన్ ఉంటాయి. వాటి తర్వాత వచ్చే అసలు ఆకు విప్పుకునేదాకా మొక్క తినేది ఆ నిల్వనే. అప్పటికి పైనుంచి ఎరువు అక్కర్లేదు. పైగా యూరియా మట్టిలో విడిపోయేటప్పుడు అమ్మోనియా పుడుతుంది, లేత వేరు దాన్ని తట్టుకోలేదు. ఆకు అంచులు మాడి మొక్క కుంగితే, ఎరువు చాలలేదేమో అనుకుని మరికాస్త పోసేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

రెండు పూటలా తడపడమంటే నారుకుళ్లును పిలిచి కూర్చోబెట్టడమే. నిన్నటిదాకా నిటారుగా ఉన్న మొక్క మట్టి మట్టం దగ్గర కాండం నీరుగారి పక్కకు ఒరిగిందంటే, ఇక దాన్ని బతికించలేం. పై మట్టి ఆరాకే నీళ్లు పోయాలి. కుండీ మీద ప్లాస్టిక్ మూత పెట్టి ఉంటే మొలక తల ఎత్తగానే తీసేయాలి, గాలి ఆడనివ్వాలి.

సందేశం వెలుతురు గురించీ చెప్పదు. మొలక పైకొచ్చిన రోజే బలమైన వెలుతురులో పెట్టకపోతే కాండం సన్నగా సాగిపోతుంది. దీపాల కింద పెంచేవాళ్లు రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగిస్తారు. కొంచెం సాగిన మొక్కను మొదటి జత ఆకుల కిందిదాకా లోతుగా నాటి నిలబెట్టుకోవచ్చు.

ఇక "నాలుగైదు ఆకులు వచ్చేదాకా కుండీలోనే" అన్నది. టమాటా, మిరప నారుకు సరిపడే సలహాను తెచ్చి గుమ్మడికి అంటగట్టారు. గుమ్మడి వేరు చాలా వేగంగా దిగుతుంది, తెగితే అంత సులువుగా కోలుకోదు. నాలుగైదు ఆకులు వచ్చేసరికి వేర్లు చిన్న కుండీ అడుగున చుట్టలు చుట్టుకుపోయి ఉంటాయి. మొదటి అసలు ఆకు పూర్తిగా విప్పుకోగానే, మట్టిగడ్డ చెదరకుండా నాటేయాలి. అంతకు ముందు ఓ వారం పాటు రోజూ కాసేపు ఎండకూ గాలికీ అలవాటు చేయాలి. ఎండ కన్నా గాలికే ఎక్కువ భయపడండి, ఒక్క గట్టి విసురుకు మెడ విరిగిపోతుంది. నాటాక కొన్నాళ్లు గాలి అడ్డం తప్పనిసరి, రాత్రులు చల్లగా ఉంటే పైన ప్లాస్టిక్ గుడారం కూడా కావాలి.

మొదటి అసలు ఆకు ఎటు తిరిగి ఉందో దానికి ఎదురు దిక్కున తీగ సాగుతుందని ఆ సందేశం చివర్లో ఉంది. అది ఎక్కువసార్లు నిజమే. అనుభవజ్ఞులు కూడా మొక్కను అలా చూసుకునే నాటుతారు: తీగ పాకడానికి ఖాళీ ఉన్న వైపుకు ఆకు వీపు పెట్టేలా.